పాత నాణెం పోస్టులో భద్రంగా చేతికి అందాలంటే: విశాఖ సేకర్తలకు సమగ్ర మార్గదర్శి

నేను దారిలో పోగొట్టుకున్న మొదటి నాణెం 1911 నాటి వెండి రూపాయి. అయిదో జార్జి బొమ్మతో వచ్చిన తొలి రూపాయి అది. రాజు వేసుకున్న అంగీ మీద చెక్కిన ఏనుగు చూడటానికి పందిలా ఉందని అప్పట్లో జనం అభ్యంతరం చెప్పారు. దాంతో 1912లో బొమ్మ సరిదిద్ది కొత్త రూపాయలు ముద్రించారు. సేకర్తలు దాన్ని 'పంది రూపాయి' అని పిలుచుకునేది అందుకే. రెండేళ్లు వెతికితే గానీ నా బడ్జెట్‌లో ఒకటి దొరకలేదు.

అమ్మినాయన దాన్ని పలచని కవర్లో, కనీసం అట్టముక్క కూడా పెట్టకుండా పంపారు. కవరు నా చేతికి వచ్చేసరికి ఒక మూల చిరిగి ఉంది. ఆఫీసుకు బయల్దేరే హడావిడిలో సంతకం పెట్టేసి, కవరు బల్ల మీద పడేసి వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చి విప్పితే లోపల ఉత్తరం ఉంది, నాణెం లేదు. "నేను పెట్టే పంపానండీ" అన్నారు అమ్మినాయన. "బాగానే ఉందని మీరే సంతకం పెట్టారు కదా" అన్నారు తెచ్చి ఇచ్చినవాళ్లు. ఇద్దరి మాటా కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. బరువు రాసుకోలేదు, ఫొటో తీయలేదు, చిరిగిన కవరు కూడా మర్నాడు చెత్తబుట్టలోకి పోయింది.

ఆ తర్వాత నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. పార్సెల్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారే ప్రతిచోటా ఏదో ఒక రుజువు మిగలాలి. అమ్మేవారి చేతి నుంచి బుకింగ్ కౌంటర్‌కి, అక్కడి నుంచి సంచిలోకి, సంచి నుంచి పోస్ట్‌మ్యాన్ చేతికి, ఆయన నుంచి మన చేతికి. కింద చెప్పేవన్నీ ఆ నియమం నుంచి వచ్చినవే. నాణేలను ఉదాహరణగా తీసుకున్నాను గానీ స్టాంపులకు, పాత నోట్లకు, పతకాలకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

మొదటి అడుగు: డబ్బు పంపకముందే మాట్లాడుకోండి

భద్రత గురించి మన మాట చెల్లేది డబ్బు పంపేదాకానే. తర్వాత మనం బతిమాలుకోవాల్సిందే. అందుకే ధర కుదిరాక, డబ్బు వేయకముందు ఇలా ఒక మెసేజ్ పెట్టండి: "సార్, నాణెం రెండు వైపులా, అంచు కూడా కనబడేలా ఫొటోలు పంపండి. కాటా మీద పెట్టి బరువు కనబడేలా ఒక ఫొటో కావాలి. ఏ సర్వీసులో పంపుతారు, ఎంతకు ఇన్సూర్ చేస్తారు? ఆ ఖర్చు నేనే ఇస్తాను. బుక్ చేసిన రోజే రసీదు ఫొటో పెట్టండి." ఈ ప్రశ్నలకు విసుక్కునే మనిషి దగ్గర కొనకండి. నిఖార్సైన అమ్మకందారు ఎవరూ విసుక్కోరు. వాళ్లకూ ఇదే కావాలి, ఎందుకంటే రేపు కొన్నవాడు నాణెం మార్చేసి "నకిలీది పంపారు" అంటే వాళ్లను కాపాడేది కూడా ఆ ఫొటోలే.

చట్టం సంగతి కూడా ఈ దశలోనే చూసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. అలాంటివి అమ్మే వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. దేశం దాటించడం మామూలు మనుషులకు నిషేధం, కాబట్టి గ్రేడింగ్ (నాణెం అసలుదా, ఏ స్థితిలో ఉందో తేల్చే పరీక్ష) కోసం విదేశాలకు పంపుదామన్న ఆలోచన కూడా వద్దు. మన ప్రాంతంలో మరీ జాగ్రత్తగా ఉండాల్సిన మాట ఇంకొకటి ఉంది. భీమిలి దారిలోని బౌద్ధ క్షేత్రం తొట్లకొండ తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికిన విషయం చాలామందికి తెలుసు. ఆ పేరు చెప్పి "భీమిలి దారిలో పునాది తవ్వుతుంటే కుండలో దొరికాయి" అని అమ్మేవాళ్లు తగులుతారు. ఆ మాట అబద్ధమైతే మీరు కొంటున్నది నకిలీ. నిజమైతే అది నిక్షేపం. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయల పైబడిన విలువ గల నిక్షేపం గురించి కలెక్టర్‌కు చెప్పి తీరాలి. ఎలా చూసినా కొనకూడదు.

ఇంకో హెచ్చరిక. పాత నోట్లు, నాణేలు కొంటామని, అమ్ముతామని రిజర్వ్ బ్యాంకు పేరు వాడుకుని కమీషన్లు, పన్నులు అడిగే ముఠాల గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. అలాంటి లావాదేవీల్లో తమకు ఏ సంబంధమూ లేదని, తమ తరఫున ఎవరికీ అధికారం ఇవ్వలేదని స్పష్టంగా చెప్పింది. "ఆర్‌బీఐ అనుమతి ఫీజు" అన్న మాట వినబడితే సంభాషణ అక్కడితో ఆపేయండి.

రెండో అడుగు: ఏ దారిలో తెప్పించుకోవాలి

చాలామంది సేకర్తలకు అలవాటైన రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు విడిగా లేదు. 2025 సెప్టెంబరు 1 నుంచి దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఈ మార్పు తెలియక కొందరు "రిజిస్టర్డ్ చేయండి" అని మాత్రమే చెప్పి ఊరుకుంటున్నారు. బుకింగ్ కౌంటర్లో అడిగేటప్పుడు స్పీడ్ పోస్టు పైన అదనపు సేవలు పేరు పెట్టి అడగాలి. ఒకటి 'రిజిస్ట్రేషన్'. ఇది తీసుకుంటే చిరునామాదారుకు గానీ, ఆయన రాతపూర్వకంగా అధికారం ఇచ్చిన మనిషికి గానీ మాత్రమే ఇస్తారు. రెండోది 'ఓటీపీ డెలివరీ'. మీ మొబైల్‌కు వచ్చిన అంకెలు చెబితేనే పార్సెల్ చేతికిస్తారు. 2025 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం ఒక్కోదానికి 5 రూపాయలు, పైన జీఎస్టీ. వేల రూపాయల నాణేనికి ఈ రెండూ వద్దనుకోవడానికి కారణమే లేదు.

మూడోది ఇన్సూరెన్స్. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. నాణేలు, కరెన్సీ నోట్లు, నగల్లాంటివి పోస్టులో పంపితే ఇన్సూర్ చేసే పంపాలన్నది తపాలా శాఖలో ఎప్పటినుంచో ఉన్న నియమం. ఇన్సూర్ చేయని స్పీడ్ పోస్టు పోతే వచ్చే పరిహారానికీ, మీ నాణెం విలువకూ పొంతనే ఉండదు. ఇన్సూర్ చేసే మొత్తం అసలు విలువకు మించకూడదు, తగ్గించి రాయించుకుంటే నష్టపోయేది మీరే. ఎనిమిది వేలకు కొన్నదాన్ని ప్రీమియం మిగులుతుందని వెయ్యికి ఇన్సూర్ చేయిస్తే, పోయాక వచ్చేది వెయ్యే. అమ్మకం బిల్లులో ఏ మొత్తం ఉందో అదే రాయించమనండి.

ప్రైవేటు కొరియర్ త్వరగా వస్తుంది, నిజమే. కానీ చాలా కొరియర్ కంపెనీల నిబంధనల్లో నాణేలు, కరెన్సీ, విలువైన లోహాలు తీసుకోబోమని రాసి ఉంటుంది. అది చదవకుండా 'పుస్తకాలు' అనో 'బొమ్మలు' అనో రాసి పంపితే, పోయినప్పుడు వాళ్లు బాధ్యత తీసుకోరు. పైగా తప్పు సమాచారం ఇచ్చినట్టు అవుతుంది. కొరియర్‌లోనే పంపుతామంటే, నాణేలు తీసుకుంటారా లేదా అన్నది రాతలో అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకోండి.

విదేశాల నుంచి తెప్పించుకునేవారికి మూడు మాటలు. విలువైన నాణేలను ఇన్సూర్ చేయని మామూలు కవర్లో పెట్టడం అంతర్జాతీయ తపాలా నిబంధనలకు కూడా విరుద్ధమే. కస్టమ్స్ పత్రంలో 'గిఫ్ట్' అని రాసి, విలువ తగ్గించి చూపిస్తామని అమ్మేవాళ్లు ఉత్సాహపడతారు. ఒప్పుకోకండి. 2019 డిసెంబరు నుంచి, ప్రాణరక్షక మందులు, రాఖీలు తప్ప, గిఫ్ట్ పేరుతో సుంకం లేకుండా పోస్టులో వస్తువులు తెప్పించుకునే వెసులుబాటు తీసేశారు. సుంకాల పట్టికలో 97వ అధ్యాయం స్టాంపులకు, నాణేల సేకరణలకు, నూరేళ్లు దాటిన పురావస్తువులకు కేటాయించారు. అమ్మేవారు పత్రం మీద ఆ వర్గీకరణ, తయారైన సంవత్సరం, నిజమైన ధర రాస్తే మధ్యలో అధికారికి అనుమానం రాదు, మనకు టెన్షన్ ఉండదు.

మూడో అడుగు: చిరునామా

విశాఖలో మనం చిరునామా చెప్పే తీరు ఆటోవాడికి సరిపోతుంది గానీ పోస్టుకు సరిపోదు. "రైతు బజార్ ఎదురుగా సందు, పచ్చ గేటు" అంటే ఎంవీపీలో ఉన్నవాళ్లకే అర్థమవుతుంది. ఎంవీపీలో సెక్టార్ నంబరు రాయకపోతే కవరు నాలుగు సెక్టార్లు తిరుగుతుంది. పిన్ కోడ్ కూడా అలాగే. ద్వారకానగర్ 530016, ఎంవీపీ కాలనీ 530017, గాజువాక 530026. ఒక్క అంకె తేడా వస్తే పార్సెల్ ఊరి ఇంకో చివరికి వెళ్లి, తిరిగి వచ్చేసరికి రెండు మూడు రోజులు ఎక్కువ చేతుల్లో తిరుగుతుంది. ఎన్ని ఎక్కువ చేతులు మారితే అంత ప్రమాదం.

పేరు మీ ఆధార్‌లో ఎలా ఉందో అలాగే రాయించండి. రిజిస్ట్రేషన్ ఉన్న పార్సెల్‌కి గుర్తింపు అడిగితే పేరు కలవాలి కదా. ఫోన్ నంబరు తప్పనిసరి, ఓటీపీ దానికే వస్తుంది. తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ కూడా రాయించుకుంటే మంచిది. సుమారు నాలుగు మీటర్ల చదరానికి ఒక కోడ్ చొప్పున పది అక్షరాలు, అంకెలు ఉంటాయి. మధురవాడ, పెందుర్తి వైపు కొత్త లేఅవుట్లలో ఉన్నవారికి ఇది బాగా ఉపయోగపడుతుంది.

కవరు మీద ఏం రాయకూడదో కూడా చెప్పండి. 'నాణేలు', 'కాయిన్స్', 'యాంటిక్' అన్న మాటలు బయట ఎక్కడా కనబడకూడదు. అమ్మేవారి షాపు పేరులో ఆ మాట ఉంటే, పంపేవారి చిరునామాలో షాపు పేరు బదులు వ్యక్తి పేరు రాయమనండి.

ఇంట్లో పగలు ఎవరూ ఉండకపోతే ఇంటికి తెప్పించుకోకండి. నేను చూసిన గొడవల్లో సగం వాచ్‌మన్ సంతకం దగ్గరే మొదలయ్యాయి. ఆయన తప్పేమీ ఉండదు పాపం. రోజూ ముప్ఫై పార్సెళ్లు తీసుకుని కుర్చీ కింద పెడతాడు, అందులో ఒకటి మనది. ఆఫీసు చిరునామా ఇవ్వండి, లేదా మీ డెలివరీ పోస్టాఫీసుకు వెళ్లి కౌంటర్ దగ్గరే తీసుకుంటానని ముందుగా రాసి ఇవ్వండి. నేను మా పోస్ట్‌మ్యాన్‌తో "అన్నా, నా పేరు మీద స్పీడ్ పోస్టు వస్తే వాచ్‌మన్‌కి ఇవ్వకు, ఫోన్ చెయ్, నేనే వస్తా" అని చెప్పి పెట్టుకున్నాను. ఆ ఒక్క మాట చాలా సార్లు కాపాడింది.

నాలుగో అడుగు: ప్యాకింగ్ ఎలా ఉండాలో మీరే చెప్పండి

అమ్మేవారికి తెలుసులే అనుకోకండి. నా పంది రూపాయి పోయింది ప్యాకింగ్ వల్లే. నాణెం కవర్లో వదులుగా ఉంటే, ముద్ర కొట్టే యంత్రం రోలర్లలో నలిగినప్పుడు అంచుతో కాగితాన్ని కోసుకుని బయటికి జారిపోతుంది. దొంగ అక్కర్లేదు.

నాణేన్ని ముందు అట్ట హోల్డర్లో గానీ మైలార్ అనే ప్లాస్టిక్‌తో చేసిన చిన్న జేబులాంటి ఫ్లిప్‌లో గానీ పెట్టాలి. దాన్ని రెండు గట్టి అట్టముక్కల మధ్య ఉంచి, నాలుగు వైపులా టేపు వేయాలి. టేపు హోల్డర్‌కి తగలకూడదు, చివర కొంచెం మడత వదలాలి, లేకపోతే విప్పేటప్పుడు మనం కత్తి వాడాల్సి వస్తుంది. ఆ అట్టను చిన్న డబ్బాలో కదలకుండా బిగించి, డబ్బాను బబుల్ కవర్లో పెట్టాలి. చెవి దగ్గర పెట్టి ఊపితే చప్పుడు రాకూడదు. చప్పుడు వస్తే లోపల లోహం ఉందని దారిలో అందరికీ చెబుతున్నట్టే.

స్టాంపులైతే గ్లాసిన్ అనే నున్నని పలచని కాగితపు కవరు, దాని పైన పలచని ప్లాస్టిక్ కవరు, రెండు వైపులా స్టాంపు కంటే పెద్ద అట్టలు. వానాకాలంలో ప్లాస్టిక్ పొర లేకుండా పంపనివ్వొద్దు. ఇన్సూర్ చేసిన పార్సెళ్లకు అతుకుల మీద లక్క ముద్రలు వేయడం పాత పద్ధతి. ముద్రలన్నీ ఒకే సొంత గుర్తుతో ఉండాలి, చలామణీలో ఉన్న నాణెంతో ముద్ర వేయకూడదు, ఎందుకంటే ఎవరైనా తెరిచి అదే ముద్ర మళ్లీ వేయగలరు. ఇప్పుడు లక్క బదులు టేపు వాడినా ఆ ఆలోచన పనికొస్తుంది. టేపు అతుకు మీదుగా, సగం టేపు మీద, సగం కవరు మీద పడేలా పంపేవారి సంతకం పెట్టించి, ఫొటో అడగండి. టేపు ఊడదీసి మళ్లీ వేస్తే ఆ గీతలు కలవవు.

అక్టోబరు, నవంబరు నెలల్లో ఒక అడుగు వెనక్కి వేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరు ఎన్ని రోజులు స్తంభించిపోయిందో మనం చూశాం. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వినగానే "సార్, వారం ఆగి పంపండి" అని చెప్పేయండి.

అయిదో అడుగు: ట్రాకింగ్, మోసపు మెసేజ్‌లు

రసీదు ఫొటో రాగానే మూడు చూడండి: పిన్ కోడ్, ఇన్సూర్ చేసిన మొత్తం, బుకింగ్ బరువు. బరువు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, గుమ్మం దగ్గర అదే మన ఆయుధం.

ట్రాకింగ్ నంబరులో ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర దేశాన్ని సూచించే రెండు అక్షరాలు ఉంటాయి. తొమ్మిదో అంకె తనిఖీ అంకె. రసీదు నకిలీదేమో అని అనుమానం వస్తే ఇలా చూసుకోవచ్చు. మొదటి ఎనిమిది అంకెలు 1 2 3 4 5 6 7 8 అనుకుందాం. వీటిని వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణిస్తే 8, 12, 12, 8, 15, 30, 63, 56 వస్తాయి. మొత్తం 204. దాన్ని 11తో భాగిస్తే శేషం 6. 11 నుంచి 6 తీస్తే 5. అంటే తొమ్మిదో అంకె 5 అయి ఉండాలి. శేషం 1 వస్తే తనిఖీ అంకె 0, శేషం 0 వస్తే 5. నోటికొచ్చిన నంబరు రాసి పంపేవాళ్లు చాలావరకు ఇక్కడే దొరికిపోతారు. లెక్క కుదిరినంత మాత్రాన పార్సెల్ బుక్ అయినట్టు కాదు, అది ట్రాకింగ్‌లో కనబడాలి.

పార్సెల్ దారిలో ఉండగా "మీ చిరునామా అసంపూర్ణంగా ఉంది, ఈ లింకులో 5 రూపాయలు కట్టండి" అని మెసేజ్ రావచ్చు. అవి మోసగాళ్లు వేల మందికి ఒకేసారి పంపేవి. మనం నిజంగానే పార్సెల్ కోసం ఎదురుచూస్తుంటాం కాబట్టి నమ్మేస్తాం, అదే వాళ్ల లెక్క. లింకు నొక్కకండి. వాట్సాప్‌లో వచ్చిన యాప్ ఏదీ ఫోన్లో వేసుకోకండి. "మీ పార్సెల్లో నిషేధిత వస్తువులు దొరికాయి, పోలీసు అధికారితో వీడియో కాల్లో మాట్లాడండి" అన్న ఫోన్ వస్తే కట్ చేసేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఓటీపీ మీ ఎదురుగా, పార్సెల్ చేతిలో పట్టుకుని నిలబడిన మనిషికే చెప్పాలి. ఫోన్లో ఎవరికీ కాదు.

ఆరో అడుగు: గుమ్మం దగ్గర రెండు నిమిషాలు

సంతకానికి ముందు ఆరు వైపులా చూడండి. మూలలు, టేపు అతుకులు, తడి మరకలు, పంపేవారి సంతకం గీతలు. తర్వాత బరువు. ఇంట్లో వంటగది కాటా ఉంటే చాలు, గ్రాములు చూపిస్తుంది. రసీదు మీద ఉన్న బరువుకు ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ అయితే పట్టించుకోనక్కర్లేదు. ఒక వెండి రూపాయి బరువు పదకొండున్నర గ్రాముల పైచిలుకు, కాబట్టి పది పన్నెండు గ్రాములు తగ్గిందంటే ఆగాల్సిందే.

పోస్ట్‌మ్యాన్‌కు తొందర ఉంటుంది, మనకు మొహమాటం ఉంటుంది. నేనైతే "ఒక్క నిమిషం అన్నా, మంచినీళ్లు తాగు" అని గ్లాసు చేతికిచ్చి ఈలోగా కాటా మీద పెట్టేస్తాను. ఎవరూ కోప్పడలేదు.

చిరుగు గానీ బరువు తేడా గానీ కనబడితే సంతకం పెట్టకండి. 'ఓపెన్ డెలివరీ' కావాలని పోస్ట్‌మాస్టర్ గారికి రాసి ఇవ్వండి. పోస్టాఫీసులో, వాళ్ల ఎదురుగా పార్సెల్ తూచి, తెరిచి, లోపల ఉన్నదేమిటో జాబితా రాసి సంతకాలు చేస్తారు. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి దీన్ని మించిన కాగితం లేదు. గుమ్మంలోనే కోపంతో చింపి చూడాలనిపిస్తుంది. ఆ పని చేస్తే "మీరే తెరిచారు" అనే మాట ఒక్కటి చాలు మీ కేసు నీరుగారిపోవడానికి.

ఏడో అడుగు: విప్పడం

పార్సెల్ బాగున్నట్టు కనిపించినా వీడియో లేకుండా విప్పకండి. ఫోన్‌ను స్టాండ్ మీద గానీ పుస్తకాల దొంతర మీద గానీ పెట్టి, మొదటి నుంచి చివరి వరకు ఆపకుండా తీయాలి. మొదట లేబుల్, ట్రాకింగ్ నంబరు చదవగలిగేలా చూపించండి. తర్వాత ఆరు వైపులు, తర్వాత కాటా మీద బరువు. అప్పుడు కత్తెర. కవరు మధ్యలో కాకుండా పొట్టి అంచు వెంట, కొద్దిగా మాత్రమే కత్తిరించండి. కింద తెల్ల తువ్వాలు పరిచి, దాని మీద ట్రే పెట్టుకోండి, చిన్న నాణెం జారి సోఫా కిందికి పోకుండా. నాణెం బయటికి తీశాక రెండు వైపులా కెమెరాకు దగ్గరగా పెట్టి, మళ్లీ కాటా మీద పెట్టండి. ఖాళీ కవరు లోపలివైపు కూడా చూపించండి. ఇదంతా ఒకే వీడియోలో ఉండాలి. మధ్యలో ఫోన్ మోగితే వీడియో ఆగిపోతుంది, ముందే ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోండి.

కవరు, అట్టలు, టేపు దేన్నీ పారేయకండి. లావాదేవీ పూర్తిగా ముగిసేదాకా ఒక సంచిలో కట్టి పెట్టండి.

ఎనిమిదో అడుగు: వచ్చింది మనం కొన్నదేనా

మొదట అమ్మేవారు పంపిన ఫొటోలతో పోల్చండి. చిన్న గీత, మచ్చ, అంచు మీద నొక్కు ఇవే నాణేనికి వేలిముద్రలు. ఫొటోలో రాజు చెంప మీద ఉన్న గీత చేతిలోని నాణెం మీద లేదంటే, ఎంత మెరిసినా అది వేరే నాణెం.

తర్వాత కొలతలు. విక్టోరియా, ఏడో ఎడ్వర్డ్, అయిదో జార్జి కాలపు వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. బాగా అరిగినది కొంచెం తగ్గుతుంది. బరువు ఎక్కువగా తూగితే మాత్రం అనుమానించండి, వాడకంలో ఏ నాణెమూ బరువు పెరగదు. అయస్కాంతం పెట్టి చూడండి, వెండి అంటుకోదు. కానీ పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి అంటుకుంటుంది, అంటుకోవాలి కూడా, ఎందుకంటే అది నికెల్. ఇది తెలియక అసలు నాణేన్ని నకిలీ అని తిప్పి పంపినవాళ్లున్నారు.

వెండి నాణేలకు ఇంకో పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. గ్రాములో నూరో వంతు చూపించే కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగుకు గానీ అంచుకు గానీ తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. కాటా చూపించే అంకెతో నాణెం బరువును భాగించండి. 91.7 శాతం వెండికి సుమారు 10.3 రావాలి. అంటే 11.66 గ్రాముల రూపాయికి కాటా 1.13 దగ్గర చూపించాలి. 1.3 దాటితే లోపల వేరే లోహం ఉంది. తర్వాత మెత్తని నూలు గుడ్డతో అద్దండి, రుద్దకండి. రాగి నాణేలకు, చిలుము పట్టినవాటికి ఈ పరీక్ష వద్దు.

కొన్ని నాణేలకు ఇంటి పరీక్షలు చాలవు. 1939 రూపాయి అరుదైనది, దాని నకిలీలు మాత్రం ఎక్కడ చూసినా ఉన్నాయి. భీమిలిలో డచ్చివారి స్థావరం ఉండేది కదా అని మనవాళ్లు ముచ్చటపడి కొనే వీవోసీ (డచ్ ఈస్టిండియా కంపెనీ) రాగి నాణేల్లో కూడా పోత పోసినవి చాలా ఉన్నాయి. అలాంటివి కొన్నప్పుడు అనుభవం ఉన్న సేకర్తకు చేతికిచ్చి చూపించండి. కురుపాం మార్కెట్లో తెలిసిన కంసాలి ఉంటే లోహం సంగతి చెప్పగలరు, కానీ గీటురాయి మీద గీయనివ్వకండి. గీస్తే సేకర్తల దృష్టిలో దాని విలువ పోయినట్టే.

తొమ్మిదో అడుగు: సముద్రపు గాలి

మన ఊళ్లో పార్సెల్ అందుకోవడం నాణెం పెట్టెలోకి వెళ్లేదాకా పూర్తి కాదు. ఉప్పుగాలి, తేమ రాగిని ఎంత త్వరగా పాడుచేస్తాయో బీచ్ రోడ్డు వైపు ఉండేవారికి చెప్పనక్కర్లేదు. కొత్తగా వచ్చిన నాణేన్ని రెండు వారాలు మిగతావాటికి దూరంగా, సిలికా జెల్ పొట్లంతో మూత ఉన్న డబ్బాలో ఉంచండి. రాగి మీద నున్నగా, గట్టిగా ఉన్న పాత పచ్చదనం మంచిదే. వేలితో తాకితే పొడిలా రాలే లేతాకుపచ్చ మాత్రం జబ్బు. ఉప్పులోని క్లోరైడు వల్ల వచ్చే ఆ జబ్బు లోహాన్ని తింటూ పోతుంది, దాన్ని వేరుగానే ఉంచాలి.

అమ్మేవారు పంపిన మెత్తని ప్లాస్టిక్ ఫ్లిప్ వాసన చూడండి. కొత్త కారు సీటు వాసన వస్తే అది పీవీసీ, కొంతకాలానికి నాణెం మీద పచ్చని జిగట వదులుతుంది. ఆ రోజే మార్చేయండి. రబ్బరు బ్యాండు వెండికి దగ్గర్లో ఉంచకండి, అందులోని గంధకం నల్లబరుస్తుంది. ఇక చింతపండుతో, పేస్టుతో తోమడం అన్న ఆలోచనే వద్దు. మా అమ్మ ప్రేమతో నా విక్టోరియా రూపాయిని తోమి పెట్టింది ఒకసారి. కళకళలాడింది, ధర సగానికి పడిపోయింది.

స్టాంపులు తడిసి ఒకదానికొకటి అంటుకుని వస్తే లాగకండి. ముందు వీడియో, తర్వాత బ్లాటింగ్ కాగితాల మధ్య పెట్టి బరువు ఉంచడం, తర్వాత అమ్మకందారుకు ఫోన్. వాడని స్టాంపు వెనక జిగురు పోతే దాని విలువ మారిపోతుంది కాబట్టి నీళ్లలో నానబెట్టే ప్రయోగాలు మీరే మొదలుపెట్టొద్దు.

పదో అడుగు: ఏదైనా తేడా వస్తే

అదే రోజు రాయండి. ముందు అమ్మేవారికి, ఫొటోలతో, మర్యాదగా: "పార్సెల్ ఈరోజు అందింది. బుకింగ్ బరువు ఇంత, అందిన బరువు ఇంత, వీడియో ఇదిగో. ఎలా పరిష్కరిద్దాం?" పోస్టులో క్లెయిమ్ వేయడానికి పంపినవారి రసీదు కావాలి, కాబట్టి ఆయనతో గొడవ పెట్టుకుంటే మనకే నష్టం. తర్వాత తపాలా శాఖ ఫిర్యాదు నమోదు చేయించి నంబరు తీసుకోండి. టోల్ ఫ్రీ 1800 266 6868, లేదా వాళ్ల వెబ్‌సైట్, లేదా నేరుగా డెలివరీ పోస్టాఫీసులో రాతపూర్వకంగా. కౌంటర్లో ఇస్తే మీ కాపీ మీద తేదీ ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి.

అమ్మినవారే మోసం చేశారనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక అమ్మినవాళ్లు ముంబైలో ఉన్నా, కోల్‌కతాలో ఉన్నా మనం విశాఖలోనే కేసు వేయవచ్చు. గడువు రెండేళ్లు. దానికి జతచేయాల్సినవి: ధర మాట్లాడుకున్న మెసేజ్‌లు, డబ్బు పంపిన వివరం, అమ్మినవారి ఫొటోలు, బుకింగ్ రసీదు, ఓపెన్ డెలివరీ జాబితా, ఆగకుండా తీసిన వీడియో, ఫిర్యాదు నంబరు, ఇంకా సంచిలో కట్టిపెట్టిన ఆ ఖాళీ కవరు.